అప్పగింతల పాటను పూలతో చూపించాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. దసరా పోటీలో 'పాటకు పూల రూపం' అనే అంశం ఇచ్చారు. బల్ల 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. ఎత్తు 3 అడుగులు దాటకూడదు. అమర్చుకోవడానికి 2 గంటలు, ఆ తర్వాత ఇంకో 2 గంటలకు న్యాయనిర్ణేతలు వస్తారు. హాల్లో ఏసీ లేదు. మీరు ఎంచుకున్నది అప్పగింతల పాట. ఇంట్లో ఒకసారి అమర్చి చూసినప్పుడు పెళ్ళికూతురు బొమ్మ, పల్లకి, కొబ్బరిబోండం, బాసికం, కన్నీళ్ళకు గాజుపూసలు, చుట్టూ గులాబీలు పెట్టారు. చూసినవాళ్ళు "బొమ్మల కొలువు బాగుంది, పాట ఏది?" అన్నారు. ఏం మార్చాలి అన్నది ప్రశ్న.

పాటలో ఏ మాట వినబడితే ఆ వస్తువు బల్లెక్కింది, అదీ తేడా. కూచిపూడి వాళ్ళు దీన్నే పదార్థాభినయం అంటారు, మాటకు మాట పట్టడం. నర్తకికి అది చెల్లుతుంది, ఎందుకంటే ఒక ముద్ర పోయాకే ఇంకో ముద్ర వస్తుంది. బల్ల మీద పెట్టింది ఎక్కడికీ పోదు. ఏడు మాటలకు ఏడు వస్తువులు పెడితే ఏడూ ఒకేసారి మాట్లాడతాయి, ఒక్కటీ వినబడదు. బల్లకు కావలసింది వాక్యార్థం. పాట మొత్తం కలిపి ఏం చేస్తోందో దాన్ని ఒక్క కదలికగా పట్టుకోవాలి.

అందుకు పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే. రెండోసారి కాగితం పెట్టుకుని, ప్రతి చరణం పక్కన ఎవరు ఎవరితో అంటున్నారో రాయండి. మూడోసారి పల్లవి ఎన్నిసార్లు తిరిగి వస్తోందో గీతలు గీయండి. వస్తువుల జాబితా అసలు రాయకండి, రాస్తే మళ్ళీ పల్లకి దగ్గరికే వస్తారు.

అప్పగింతల పాటలో రెండోసారి రాసుకున్న ఆ కాగితం చాలా పని చేస్తుంది. పాడేది పుట్టింటి ఆడవాళ్ళు. కాసేపు పిల్లకు బుద్ధులు చెబుతారు, కాసేపు అత్తగారి వైపు తిరిగి మా పిల్లను చూసుకోమంటారు. అంటే పాట ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ప్రయాణం చేస్తోంది. మీ బల్ల కూడా అదే చేయాలి: పుట్టిల్లు వెనక, అత్తిల్లు ముందు. చూడటానికి వచ్చిన మనిషి బల్ల ముందు నిలబడతాడు కాబట్టి అప్పగింత అతని చేతుల్లోకే జరుగుతుంది. ఇది కుదిరితే బొమ్మ పెళ్ళికూతురి అవసరం ఉండదు.

వస్తువులు రెండే పెట్టండి. ఒకటి గడప, రెండోది పాలపళ్ళెం. అప్పగింతల్లో పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు కనుక ఆ పళ్ళెం చూడగానే మనవాళ్ళకు విషయం తెలిసిపోతుంది. మీది తెలంగాణ వైపు ఇల్లయితే పాలపళ్ళెం బదులు ఒడిబియ్యం పెట్టుకోవచ్చు. పావుకిలో బియ్యానికి అర చెంచా పసుపు, నాలుగు చుక్కల నూనె కలిపి, పైన రెండు కుడుకలు, అంటే ఎండుకొబ్బరి చిప్పలు. పైగా ఇది విరగదు, ఒలకదు. రెండూ కలిపి మాత్రం పెట్టకండి.

పల్లకి ఎందుకు వద్దంటే, ఆరంగుళాల పల్లకి పక్కన నిజం పళ్ళెం పెడితే కొలతలు పోట్లాడుకుంటాయి. పల్లకి బొమ్మయిపోతుంది, దాని పక్కన బంతిపువ్వు చక్రమంత కనబడుతుంది. అన్నీ నిజం కొలతలో ఉండాలి, లేదా అన్నీ చిన్నవై ఉండాలి. 3 అడుగుల బల్ల మీద నిజం కొలతే నయం. బ్రిటన్‌లో 1959లో ఏర్పడిన నాఫాస్ అనే పూల అమరిక సంఘాల సమాఖ్య పోటీల్లో కూడా వస్తువులు ఎన్ని పెట్టినా పూలూ ఆకులదే పైచేయిగా ఉండాలన్నది పాత నియమం. మీ పోటీ కాగితంలో ఆ మాట లేకపోయినా పాటించండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాటది దుఃఖం, సందర్భం శుభం. హాల్లో పెద్దవాళ్ళు ఉంటారు. దుఃఖం చూపించడానికి వాడిపోయిన పూలు, పగిలిన గాజులు, కొండెక్కిన దీపం పెడితే న్యాయనిర్ణేత కంటే ముందు పక్కబల్ల ఆవిడే మొహం చిట్లిస్తుంది. పారాణి కాళ్ళ ముద్రలు పెడదామని చాలామందికి తోస్తుంది. గడప దాటి బయటికి పోతున్న పాదాలు అంటే ఇంట్లోంచి లక్ష్మి వెళ్ళిపోతున్నట్టు చదువుతారు. పెట్టి తీరాలంటే వేళ్ళు చూసేవారి వైపు ఉండాలి, అప్పుడవి 'మీ ఇంటికి వస్తున్న' పాదాలవుతాయి. పసుపులో సున్నం కలిపి చేసే ఆ ఎరుపు గాలికి ఆరేకొద్దీ మట్టిరంగుకు దిగుతుంది, ముందురోజు వేస్తే మర్నాటికి గోధుమ మరకలు మిగులుతాయి. నా సలహా, పాదాలు మానేయండి. దుఃఖాన్ని పూల మధ్య ఖాళీతో చూపించండి. అందులో అశుభం ఏమీ లేదు.

గడప ఎక్కడ పెట్టాలో చూద్దాం. 32 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న చెక్క తీసుకోండి. బల్ల మూల నుంచి మూలకు పెట్టకండి, రెండు సమాన త్రికోణాలై చూపు మధ్యలో ఇరుక్కుంటుంది. ఎడమ అంచు సరిగ్గా సగం దగ్గర ఒక కొస ఆనించి, రెండో కొస వెనక అంచును, ఎడమ మూల నుంచి దాదాపు 30 అంగుళాల దూరంలో తాకేలా ఏటవాలుగా పెట్టండి. అప్పుడు పుట్టింటికి బల్లలో అయిదో వంతు దొరుకుతుంది, మిగతా అంతా అత్తింటి వైపు. ఆ చిన్న మూలలో పూలన్నీ కిక్కిరిసి ఉండాలి. ఇరుకు కావాలనే చేస్తున్నాం.

చెక్కకు పసుపు ముందురోజు రాత్రే పూయాలి. ఉత్తి పసుపునీళ్ళు ఆరాక పొడిగా రాలుతాయి, చిక్కగా పూస్తే పగుళ్ళిస్తుంది. చెంచా మైదాను కప్పు నీళ్ళలో ఉడికించి పలచని జిగురు చేసి, అందులో మూడు చెంచాల పసుపు కలిపి, పలచగా రెండు పూతలు వేయండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఎండలో ఆరబెట్టవద్దు, పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. కుంకుమ బొట్లు పొద్దున హాల్లో పెట్టుకోండి, బండిలో తెస్తే అలుక్కుపోతాయి.

పుట్టింటి గుత్తికి ఆధారం అరటి బోదె. పూలు గుచ్చే స్పంజి, ఫ్లోరల్ ఫోమ్, దొరుకుతుంది కానీ దాన్ని నీళ్ళలో చేత్తో నొక్కి ముంచితే లోపల గాలి ఉండిపోయి నడిమధ్య పొడిగా మిగులుతుంది. దానంతట అది మునిగేదాకా వదిలేయాలి, ఒకసారి గుచ్చిన బెజ్జంలో మళ్ళీ గుచ్చకూడదు. కంగారులో ఈ రెండూ జరుగుతాయి. అరటి బోదె అయితే ఆ బాధ లేదు. 8 అంగుళాల ముక్క, అడ్డంగా 5 అంగుళాల లావున్నది తీసుకుని నిలువుగా చీల్చండి. చదును వైపు కిందికి పెడితే దొర్లదు. ముందురోజు సాయంత్రమే కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా బకెట్లో నిలబెట్టండి, రసం కారిపోతుంది. ఆ రసం బట్టకు అంటిందంటే ఏ సబ్బుకూ పోదు. కాబట్టి స్టీలు ట్రే, దాని కింద ప్లాస్టిక్ షీటు తప్పనిసరి.

బజారులో బంతి విడిపూలుగానే దొరుకుతుంది, కాడ ఉండదు. కొబ్బరి ఈనెలను 5, 7, 9 అంగుళాల ముక్కలుగా కోసి, పువ్వు అడుగున ఉన్న పచ్చని తొడిమలోంచి పైకి గుచ్చండి. కొస రేకుల్లోంచి బయటికి రాకముందే ఆపాలి. అర కిలో బంతి చాలు, 40 పూలు వాడతారు. నీళ్ళు లేకున్నా రెండు రోజులు ఉండే పువ్వు అది, మీ 4 గంటలు దానికో లెక్క కాదు. పసుపు చామంతి 25 వేయండి. వెనక మామిడి కొమ్మ ఒకటి, 28 అంగుళాల ఎత్తు, గడప వైపు వంగి ఉండాలి. లేత చిగుళ్ళున్న కొమ్మ తెస్తే గంటలో తల వేలాడేస్తుంది, ముదురు ఆకులదే తీసుకోండి.

ఈ పసుపు, నారింజ రంగుల మధ్య గునుగు ఒక పిడికెడు దూర్చండి. ఎందుకో చెబుతాను. నాట్యశాస్త్రంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పారు: శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, కరుణకు కపోతవర్ణం, అంటే పావురాయి బూడిద రంగు. పెళ్ళి అలంకరణలో బూడిద రంగు ఎవరు పెట్టనిస్తారు? కానీ గునుగు వెండి రంగులోకి దిగుతుంది, ఎండినా రూపు మారదు, దసరాకు చేలగట్ల నిండా ఉంటుంది. బతుకమ్మలో పేర్చే పువ్వు కనుక అశుభం అనే ప్రశ్నే రాదు. బంతుల మధ్య అది కనబడగానే ఆ పసుపు కొంచెం తగ్గినట్టు, గొంతు జీరబోయినట్టు ఉంటుంది. రంగుల సూత్రాన్ని ఇంతకు మించి పట్టుకోవద్దు. కరుణకు ఏ రంగో న్యాయనిర్ణేత శాస్త్రం తెరిచి చూడరు, కంటికి తోచిందే మార్కు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాటను మోసేది మల్లెల తీగ. పుట్టింటి గుత్తిలోంచి బయలుదేరి, గడప దాటి, పాలపళ్ళెం వైపు వచ్చే ఒకే ఒక దండ. గుత్తిలో దట్టంగా ఉంటుంది, గడప దాటేకొద్దీ పూలు దూరమవుతాయి. అక్టోబరులో గుండుమల్లె అరుదు, దొరికినా ధర మండుతుంది. కాకడా మల్లె తీసుకోండి. వాసన తక్కువే కానీ తెల్లగా, గట్టిగా నిలుస్తుంది, బల్ల దూరంలో తేడా ఎవరికీ తెలియదు. హైదరాబాదులో గుడిమల్కాపూర్, గోదావరి వైపు కడియం లాంటి పూల మార్కెట్లలో తెల్లవారుజామునే కొనండి, పది దాటితే తడిపి తడిపి కుప్పపోసినవి మిగులుతాయి. పావుకిలో విడిపూలు సరిపోతాయి. కట్టిన మూరల దండ కొనవద్దు. దాంట్లో దూరాలు మీ చేతిలో ఉండవు.

కట్టడానికి దారం వద్దు, అరటి నార. ఖాళీల్లో నార బయటికి కనబడుతుంది. మిషను దారం అయితే అక్కడ దారంలాగే కనబడుతుంది, నార అయితే పూలు ఉండవలసిన చోటులా ఉంటుంది. అరగంట నీళ్ళలో నానబెట్టి, 2½ అడుగుల ముక్క తీసుకోండి. మొదటి 8 అంగుళాలు సందు లేకుండా కట్టండి. తర్వాత అర అంగుళం సందుతో రెండు ముళ్ళు, అంగుళం సందుతో రెండు, 2 అంగుళాల సందుతో రెండు, 4 అంగుళాల సందుతో రెండు. ప్రతి ముడికి మొదట్లో నాలుగేసి పూలు, తర్వాత మూడు, రెండు, చివరి రెండు ముళ్ళకు ఒక్కొక్కటే. సందు ప్రతిసారీ రెట్టింపు కావాలి. సమానంగా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే చూసేవారికి అది పూలు చాలక తగ్గించినట్టుంటుంది.

మీ పాటలో పల్లవి ఎన్నిసార్లు తిరుగుతుందో గీతలు గీశారు కదా, ముళ్ళ జతలు అన్ని ఉంటే మరీ బాగు. పల్లవి నాలుగుసార్లు వస్తే పైన చెప్పినట్టు నాలుగు జతలు. ఆరుసార్లు వస్తే సందులు 3 అంగుళాలు దాటనివ్వకండి, లేకపోతే నార బల్ల దాటిపోతుంది. ఇది ఎవరూ లెక్కపెట్టరు, కానీ పాట తెలిసినవాళ్ళకు ఆ తిరిగి తిరిగి రావడం అందుతుంది. తీగను తిన్నగా లాగవద్దు. గడప మీద ఒకచోట వంపు తిరగాలి, వెనక్కి చూసినట్టు.

పళ్ళెం కంచుది అయితే పాల తెలుపు బాగా తేలుతుంది. 20 సెంటీమీటర్ల పళ్ళెంలో ఒక సెంటీమీటరు లోతుకు 300 మిల్లీలీటర్లకు కాస్త పైన పడతాయి, అంతకంటే లోతు అక్కర్లేదు. కాచి చల్లార్చి వడకట్టిన పాలే పోయండి, పచ్చివి ఆ వేడికి వాసన వేస్తాయి, వడకట్టనివి మీగడ కట్టి ముడతలు పడతాయి. పాలకు బదులు బియ్యప్పిండి నీళ్ళు పోద్దామనుకుంటే పది నిమిషాల్లో పిండి అడుగుకు దిగి పైన కలక నీళ్ళు తేలతాయి. డెట్టాల్ చుక్కలు వేస్తే నీళ్ళు అచ్చం పాలలా అవుతాయి నిజమే, వాసనకు మాత్రం పెళ్ళి కాస్తా పురిటిగది అవుతుంది.

వెనక తెరకు జాజు రంగు, అంటే పాత గోడల ఎర్రమట్టి రంగు నేత బట్ట. శాటిన్, పట్టు వద్దు, హాలు లైట్లు వాటి మీద పడి చారలు మెరుస్తాయి. ఆ ముదురు రంగు మీద బంతి గుత్తి గోడలో కలిసిపోయినట్టుంటుంది, మల్లె తీగ మాత్రం ముందుకు వస్తుంది. మనకు కావలసింది అదే. హాల్లో పసుపు బల్బులుంటే ఊదా, నీలం పూలు నల్లగా కనబడతాయి, కాబట్టి శంఖుపువ్వులాంటి వాటి జోలికి పోకండి. ముందురోజు సాయంత్రం ఇంట్లో అమర్చి, బల్లకు నాలుగడుగుల దూరం నుంచి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి. అందులో తీగ దారి కనబడకపోతే రంగుల్లోనూ కనబడదు.

పూలను నిలబెట్టడం గురించి రెండు మాటలు. చామంతి కాడలతో వస్తే కింద అంగుళం ఏటవాలుగా కోసి, నీళ్ళలో మునిగే ఆకులు దూసేసి, రాత్రంతా మెడ దాకా బకెట్లో ఉంచండి. లీటరు నీళ్ళకు చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, పావు చెంచా బ్లీచ్. పంచదార ఒక్కటే వేస్తే నీళ్ళు పాచిపట్టి కాడలు మూసుకుపోతాయి. మల్లెలను ఫ్రిజ్‌లో నేరుగా పెట్టవద్దు. తడి పిండిన బట్టలో చుట్టి అరటి ఆకులో పెట్టి, ఆ పొట్లాన్ని కింది అరలో ఉంచండి. విచ్చిన రేకుల మీద నీళ్ళు చల్లితే గోధుమ రంగు మచ్చలు తేలతాయి. చల్లాలనిపిస్తే ఆకుల మీద చల్లండి.

వేరే పాటలకూ ఇదే దారి పనికొస్తుందా అని మీరు చివర్లో అడిగారు. పనికొస్తుంది, కాకపోతే ప్రతి పాటకూ దాని ఆచారాల గోతులు దానికి ఉంటాయి. జోలపాటకు ఖాళీ ఊయల ఊగుతున్నట్టు పెట్టారంటే అమ్మమ్మలు లేచి ఆపేస్తారు. లోపల మడత బట్టైనా ఉండాలి. శృంగార పదాల్లాంటి పాటలకు మన్మథుడి అయిదు పూలబాణాలు అనగానే అందరూ తామర దగ్గరికి పోతారు. కోసిన తామర మొగ్గ తనంతట తాను విచ్చదు, రేకులు చేత్తో మడవాలి, మడిచాక కొన్ని గంటలకు అంచులు నల్లబడతాయి. ఆ అయిదింటిలోనే మామిడిపూత ఉంది, మాఘ ఫాల్గుణాల్లో రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఎదురుచూపుల పాటకైతే తమిళ సంగం కవిత్వం ముల్లై పువ్వును ఎప్పుడో ఆ భావానికి రాసిచ్చేసింది. మన మల్లె కుటుంబమే, వాడుకోవచ్చు.

పాట పేరు కార్డు మీద మూడు వేళ్ళ వెడల్పు చాలు. పాట మొదటి మాట, కింద 'పుట్టింటివారు, అత్తవారితో' అని. 'ఈ తీగ ఎడబాటుకు ప్రతీక' అని రాశారంటే మీ మల్లెల మీద మీకే నమ్మకం లేదని అర్థం. ఫోనులో పాట పెట్టి వినిపించడం కూడా వద్దు, పోటీ అంశం పాటకు రూపం ఇమ్మనేది.

చివరి పావుగంట వరస తప్పకూడదు. తెర, గడప, గుత్తి, తీగ అన్నీ మీ 2 గంటల్లోనే అయిపోవాలి. పళ్ళెం ఖాళీగా దాని చోట, బల్ల కుడి ముందు మూలకు ఏడెనిమిది అంగుళాలు లోపల, పెట్టి ఉంచండి. పాలు ఫ్లాస్కులో చల్లగా ఉంచుకుని, నిర్వాహకులు ఒప్పుకుంటే న్యాయనిర్ణేతలు మీ వరస మొదలుపెట్టినప్పుడు పోయండి. ఒప్పుకోకపోతే సమయం ముగిసే ముందు సగం పాలు, సగం చల్లటి నీళ్ళు కలిపి పోస్తే రెండు గంటలు మీగడ లేకుండా నిలుస్తాయి. నార కొస పాలలో మునగనివ్వకండి. నార వత్తిలా పాలను పైకి పీల్చుకుంటుంది, ఆ తడి గడప దాకా పాకితే పసుపు కారి బల్ల మీద చారికలు పడతాయి. కొస పళ్ళెం అంచుకు రెండు వేళ్ళ ఇవతలే ఆగాలి. తర్వాత ఒకే ఒక్క మల్లెపువ్వు, దేనికీ కట్టనిది, పాల మధ్యలో వదలండి. అంచుకు జరిగితే ఈనెతో లోపలికి తోయండి, చేత్తో ముట్టుకుంటే తడిసి మునుగుతుంది. ఇంకో రెండు పూలు తడిబట్టలో దాచుకోండి, గంటకోసారి మార్చడానికి.